షెరీఫ్ మాటే సాక్ష్యమైన చోట

2024 ఫిబ్రవరిలో అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో, ఆడమ్స్‌విల్ అనే చిన్న ఊరి శ్మశానంలో ఒక సమాధిని తవ్వారు. అందులో ఉన్నది పాలీన్ పుసర్. 1967 ఆగస్టు 12 తెల్లవారుజామున తుపాకీ తూటాలకు బలైపోయింది. ఆమె భర్త బ్యూఫర్డ్ పుసర్ అప్పుడు ఆ కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, షెరీఫ్. తర్వాత అతని మీద సినిమా వచ్చింది, మ్యూజియం వచ్చింది. ఆమెకు మాత్రం పోస్టుమార్టం కూడా జరగలేదు. యాభై ఆరేళ్లు దాటాక, సమాధిలోంచి తీసి చేశారు.

మన దగ్గర అనుమానాస్పద మరణం అనగానే పంచనామా, పోస్టుమార్టం అనే మాటలు ఊళ్లో చిన్నపిల్లల నోట కూడా వినిపిస్తాయి. అలాంటిది అంత పేరు మోగిన హత్య కేసులో ఆ పని జరగకుండా ఎలా ఉండిపోయింది? దీన్ని పుసర్ అనే ఒక్క మనిషి మంచిచెడ్డల కథగా చదివితే సగమే అర్థమవుతుంది. షెరీఫ్ అనే పదవి ఏమిటో తెలిస్తే మిగతా సగం తెలుస్తుంది.

షెరీఫ్ అంటే మనకు పెద్ద టోపీ, ఛాతీ మీద నక్షత్రం బిళ్ల. అమెరికాలో ఉంటున్న మన వాళ్లకైతే, నగర పొలిమేర దాటాక కౌంటీ రోడ్డు మీద కాస్త స్పీడ్‌గా పోతే వెనక లైట్లు వెలిగించుకుంటూ వచ్చే కారు. ఈ పదవి పుట్టింది ఇంగ్లండులో, వెయ్యేళ్ల కిందట. ‘షైర్’ అంటే జిల్లా లాంటిది, ‘రీవ్’ అంటే అధికారి. షైర్‌లో రాజుగారి తరఫున పన్నులు వసూలు చేసి, శాంతిభద్రతలు చూసే షైర్ రీవ్ కాలక్రమంలో షెరీఫ్ అయ్యాడు. ఇంగ్లిషువాళ్లు ఈ పదవిని మద్రాసు, బొంబాయి, కలకత్తాలకూ తెచ్చారు. ఇక్కడ అది నెమ్మదిగా సన్మాన సభల పదవిగా మిగిలింది. మద్రాసులో 1998లో పూర్తిగా ఎత్తేశారు. అమెరికాకు వెళ్లిన షెరీఫ్ మాత్రం ఇంకో దారి పట్టాడు. రాజు పోయాడు కాబట్టి అతణ్ని జనమే ఎన్నుకోవడం మొదలుపెట్టారు.

తెలుగులో రాసేటప్పుడు షెరీఫ్‌ను ‘జిల్లా ఎస్పీ లాంటివాడు’ అనేయడం సులువు. కానీ ఆ పోలిక తప్పుదోవ పట్టిస్తుంది. ఎస్పీని రాష్ట్ర ప్రభుత్వం వేస్తుంది, రాత్రికి రాత్రి బదిలీ చేస్తుంది. అతని పైన డీఐజీ, ఆ పైన డీజీపీ ఉంటారు. షెరీఫ్‌కు పైన ఎవరూ లేరు. గవర్నర్ బదిలీ చేయలేడు. కౌంటీ కమిషన్ బడ్జెట్ ఇస్తుంది తప్ప ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని వదలాలో చెప్పలేదు. పైగా అతను చేసేది ఒక్క పోలీసు పనే కాదు. కౌంటీ జైలు తాళాలు అతని దగ్గరే ఉంటాయి. కోర్టు సమన్లు అందించడం, అద్దె కట్టనివాళ్లను ఇల్లు ఖాళీ చేయించడం, జప్తులు చేయడం అతని పనే. అంటే మన లెక్కలో ఎస్పీ, జైలు సూపరింటెండెంట్, కోర్టు అమీనా ముగ్గురూ ఒక్కడే. ఆ ఒక్కడూ ఎమ్మెల్యేలాగా ఓట్లడిగి గెలుస్తాడు. ఇలాంటి షెరీఫ్‌లు అమెరికాలో సుమారు 3,000 మంది.

పెద్ద నగరాల్లో ఈ పదవి బరువు అంతగా తెలియదు, అక్కడ నగర పోలీసులు వేరే ఉంటారు. పల్లె కౌంటీల్లో తెలుస్తుంది. అక్కడ ఒకటి రెండు చిన్న టౌన్లు, వాటికి ఇద్దరో ముగ్గురో పోలీసులు. మిగిలిన పొలాలు, అడవులు, మట్టిరోడ్లు, దాబాలు అన్నీ షెరీఫ్‌వే. అతని కింద పనిచేసే డిప్యూటీలను వేసుకునేదీ తీసేసేదీ అతనే. రాత్రి రెండింటికి ఏదైనా గొడవ జరిగితే వచ్చేది వాళ్లలో ఒకరు, లేదా స్వయంగా షెరీఫ్. మరునాడు దాని గురించి కాగితం మీద ఏం ఉండాలో రాసేదీ వాళ్లే.

పగ్గాలు బొత్తిగా లేవని కాదు. టెన్నెస్సీలో 1915 నుంచి, విధి నిర్వర్తించని అధికారిని కోర్టు ద్వారా పదవి నుంచి దించే చట్టం ఒకటి ఉంది. మెంఫిస్ మేయర్ క్రంప్ మద్య నిషేధాన్ని అమలు చేయకుండా చూసీ చూడనట్టు వదిలేస్తుంటే, అతణ్ని దించడానికే తెచ్చారు దాన్ని. రెండోది పదవీకాలం. పుసర్ రోజుల్లో అక్కడ షెరీఫ్‌కు రెండేళ్ల గడువు, వరుసగా మూడుసార్లకు మించి ఉండకూడదు. ఈ రెండూ మంచివే. కానీ మొదటిదానికి ఎవరో ఒకరు ధైర్యం చేసి కోర్టు మెట్లెక్కాలి. రెండోదానికి ఆరేళ్లు ఓపిక పట్టాలి.

ఆ ఓపిక నశించిన ఊరు అదే రాష్ట్రంలో ఒకటుంది. తూర్పు టెన్నెస్సీలోని మెక్‌మిన్ కౌంటీలో షెరీఫ్‌కు, డిప్యూటీలకు తలకు ఇంత అని ఫీజు రూపంలో ఆదాయం వచ్చేది. ఎంతమందిని పట్టుకుని జైల్లో పెడితే అంత డబ్బు. ఊరి మీదుగా పోయే బస్సులను ఆపి, నిద్రపోతున్న ప్రయాణికులను కూడా తాగి ఉన్నారని లాక్కెళ్లేవారు. ఓట్ల లెక్కింపూ వాళ్ల చేతుల్లోనే. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు 1946లో సొంత అభ్యర్థులను నిలబెట్టారు. ఆగస్టు 1న పోలింగ్ ముగిశాక డిప్యూటీలు బ్యాలెట్ పెట్టెలను తీసుకెళ్లి ఏథెన్స్ పట్టణంలోని జైల్లో పెట్టుకున్నారు. మాజీ సైనికులు ఆయుధాగారం నుంచి తుపాకులు తెచ్చి జైలును చుట్టుముట్టారు. రాత్రంతా కాల్పులు. చివరికి డైనమైట్ విసిరితే గానీ లోపలివాళ్లు లొంగలేదు. ఓట్లు లెక్కపెడితే మాజీ సైనికుల మనిషే షెరీఫ్‌గా గెలిచాడు. ఒక పల్లె షెరీఫ్ ఎన్నిక ఫలితం తేలడానికి ఇంత జరిగింది.

ఇంకో ఉదాహరణ పక్క రాష్ట్రం మిసిసిపీది, సరిగ్గా పుసర్ షెరీఫ్ అయిన 1964లోనే. నల్లవాళ్ల ఓటుహక్కు కోసం పనిచేయడానికి వచ్చిన ముగ్గురు యువకులను నెషోబా కౌంటీ డిప్యూటీ షెరీఫ్ సెసిల్ ప్రైస్ ట్రాఫిక్ తప్పు పేరుతో పట్టుకుని జైల్లో పెట్టాడు. రాత్రి పొద్దుపోయాక వదిలాడు. దారిలో వెంబడించినవాళ్లు వాళ్లను చంపి మట్టికట్ట కింద పూడ్చారు. 1967లో ఫెడరల్ కోర్టులో ప్రైస్‌కు శిక్ష పడింది, షెరీఫ్ లారెన్స్ రెయినీ మాత్రం నిర్దోషిగా బయటపడ్డాడు. జైలు తాళం, వదిలే టైమ్ ఎవరి చేతిలో ఉంటే ఏం జరగగలదో చెప్పడానికి ఆ రాత్రి చాలు.

ఇప్పుడు పుసర్ దగ్గరికి వద్దాం. అతని కౌంటీ మెక్‌నెయిరీ, టెన్నెస్సీ నైరుతి ప్రాంతం. ముఖ్యపట్టణం సెల్మర్. జనాభా అప్పట్లో ఇరవై వేల లోపు. దక్షిణాన మిసిసిపీ సరిహద్దు, దాటితే కోరింత్ పట్టణం. మిసిసిపీలో 1966 దాకా మద్య నిషేధం ఉండేది. అమెరికాలో అందరికంటే ఆఖరున నిషేధం ఎత్తేసిన రాష్ట్రం అది. నిషేధం ఉండగానే, దొంగచాటుగా అమ్మే మద్యం మీద అక్కడి ప్రభుత్వం పన్ను వసూలు చేసుకునేది! దాని పేరే ‘బ్లాక్ మార్కెట్ ట్యాక్స్’. ఇంతకంటే నిజాయితీ గల కపటం నేనెక్కడా చూడలేదు.

సరిహద్దు వెంబడి సారా, జూదం, వ్యభిచారం నడిపే క్లబ్బులు, మోటళ్లు వెలిశాయి. ఇక్కడ పదవి తాలూకు ఇంకో లక్షణం పనికొచ్చింది. షెరీఫ్ అధికారం కౌంటీ గీత దగ్గర ఆగిపోతుంది. టెన్నెస్సీ షెరీఫ్ వస్తున్నాడంటే నాలుగడుగులు వేసి మిసిసిపీలోకి పోవచ్చు, అటువాళ్లు వస్తే ఇటు. సరిహద్దు పక్కన పెరిగిన ఎవరికైనా ఈ ఆట కొత్త కాదు. ఈ ముఠాకు ‘స్టేట్ లైన్ మాబ్’ అని పేరు. లూయిస్ హాత్‌కాక్ అనే ఆమె, ‘టౌహెడ్’ అని పిలిచే కార్ల్ డగ్లస్ వైట్ దాని పెద్దలు. తర్వాతి రోజుల్లో పుసర్ చెప్పిన మాటలన్నిటినీ అనుమానించినా, ఈ ముఠా కట్టుకథ కాదని గుర్తుపెట్టుకోవాలి. ఆ శత్రువులు నిజం కాబట్టే మిగతా కథ అంత సులువుగా నమ్మదగినదయింది.

పుసర్ 1937 డిసెంబరు 12న అదే కౌంటీలోని ఫింగర్‌లో పుట్టాడు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. మెరైన్ దళంలో చేరితే ఆస్తమా అని పంపేశారు. షికాగో వెళ్లి కుస్తీలు పట్టాడు, రింగులో పేరు ‘బ్యూఫర్డ్ ద బుల్’. అక్కడే పాలీన్‌ను 1959లో పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు మొదటి పెళ్లి పిల్లలు ఇద్దరు, వీళ్లకో కూతురు పుట్టింది. 1962లో ఇంటికి తిరిగొచ్చాడు. తండ్రి ఆడమ్స్‌విల్ పోలీసు చీఫ్, ఆ ఉద్యోగంలోకి కొడుకు వచ్చాడు. 1964 ఎన్నికల్లో పాత షెరీఫ్ జేమ్స్ డిక్కీ మీద నిలబడ్డాడు. పోలింగ్‌కు ముందు డిక్కీ కారు ప్రమాదంలో చనిపోయాడు. పుసర్ గెలిచాడు, వయసు 26. టెన్నెస్సీలో అంత చిన్న వయసులో షెరీఫ్ అయినవాళ్లు లేరని చెబుతారు.

సారా బట్టీలు పగలగొట్టాడు, క్లబ్బుల మీద పడ్డాడు. 1966 ఫిబ్రవరి 1న షామ్‌రాక్ మోటల్‌కు ఒక ఫిర్యాదు మీద వెళ్లినప్పుడు లూయిస్ హాత్‌కాక్ తన మీద కాల్చిందని, తాను తిరిగి కాల్చానని చెప్పాడు. ఆమె చనిపోయింది. ఆత్మరక్షణగానే తేల్చారు. ఆ తేల్చడంలో తప్పుందని నేను అనడం లేదు. కానీ ఇక్కడ కూడా జరిగింది చెప్పడానికి మిగిలిన నోరు ఎవరిదో చూడండి.

తర్వాత ఏడాదిన్నరకు ఆగస్టు 12 వచ్చింది. పుసర్ చెప్పిన ప్రకారం, తెల్లవారకముందే ఏదో గొడవ జరుగుతోందని ఫోన్ వచ్చింది. బయల్దేరుతుంటే పాలీన్ తోడు వస్తానంది. న్యూ హోప్ రోడ్డు మీద ఒక కారు పక్కకు వచ్చి కాల్పులు జరిపింది, ఆమెకు తగిలాయి. తను కారును కొంత దూరం పోనిచ్చి ఆపి చూసుకుంటుంటే వాళ్లు మళ్లీ వచ్చి కాల్చారు. ఈసారి అతని దవడ పగిలిపోయింది. పాలీన్ చనిపోయింది, వయసు 33. అతనికి వరసగా ఆపరేషన్లు జరిగాయి, మొహం మారిపోయింది.

ఆ ఫొటోలు చూసిన ఎవరికి అనుమానం వస్తుంది? ముఠాను కదిలించిన షెరీఫ్, భార్యను పోగొట్టుకున్నాడు, దవడ లేకుండా బతికాడు. రాష్ట్ర దర్యాప్తు అధికారులూ వచ్చారు. కానీ ఆ కేసు చాలావరకు అతని వాంగ్మూలం మీదే నిలబడింది, త్వరగా మూతపడింది. బాధితుడు అతనే, ఏకైక సాక్షి అతనే, ఆ కౌంటీలో దర్యాప్తు చేయాల్సిన చట్టం కూడా అతనే. వేరే ఏ వృత్తిలోనూ ఈ మూడూ ఒక మనిషిలో కలవడం కష్టం. పల్లె షెరీఫ్‌కు అది సహజంగానే జరిగిపోతుంది. దాడి చేసింది ఫలానావాళ్లని పుసర్ పేర్లు చెప్పాడు, కానీ ఎవరి మీదా కేసు పెట్టలేదు. టౌహెడ్ వైట్ 1969లో కోరింత్‌లో తుపాకీ కాల్పులకు చచ్చాడు.

1970తో మూడు గడువులు అయిపోయాయి, దిగిపోవాల్సి వచ్చింది. 1972లో మళ్లీ పోటీ చేస్తే ఓడించారు. కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని చోటు ఇదే అనిపిస్తుంది నాకు. మరుసటి ఏడాదే, 1973లో, అతని జీవితం మీద ‘వాకింగ్ టాల్’ సినిమా వచ్చింది. జో డాన్ బేకర్ హీరో, చేతిలో దుడ్డుకర్ర, విపరీతంగా ఆడింది. ఇంటివాళ్లు ఓడించిన మనిషిని దేశం నెత్తిన పెట్టుకుంది. అతనితో రోజూ బతికినవాళ్లకు, రెండు గంటలు తెర మీద చూసినవాళ్లకు తేడా ఉండదా? 2004లో పేరూ ఊరూ మార్చి, డ్వేన్ జాన్సన్‌తో మళ్లీ తీశారు. అప్పటికి దుడ్డుకర్ర ఒక్కటే మిగిలింది, మెక్‌నెయిరీ కౌంటీ మాయమైంది.

1974 ఆగస్టు 21న, తర్వాతి సినిమాలో తన పాత్ర తానే వేస్తున్నట్టు మెంఫిస్‌లో ప్రకటించాడు. ఆ రాత్రి సెల్మర్‌లో కౌంటీ జాతరకు వెళ్లి తిరిగి వస్తుండగా అతని కార్వెట్ కారు రోడ్డు పక్కకు దూసుకుపోయి తగలబడింది. 36 ఏళ్లకే పోయాడు. కారును ఎవరో పాడుచేశారని అప్పటి నుంచీ పుకార్లు. హీరోలు మామూలు ప్రమాదంలో పోతే జనం ఒప్పుకోరు, అది మనకు తెలియంది కాదు. ఆడమ్స్‌విల్‌లో అతని ఇల్లు మ్యూజియం అయింది, ఏటా అతని పేరు మీద ఉత్సవం జరిగేది.

2022లో రాష్ట్ర దర్యాప్తు సంస్థ టెన్నెస్సీ బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ తేలని పాత కేసులను తిరగేస్తూ ఈ ఫైలు కూడా తెరిచింది. హత్యకు వాడిన తుపాకీ కావచ్చంటూ ఒకదాని గురించి సమాచారం అందింది. పోస్టుమార్టం జరగలేదని గమనించారు, 2024లో మృతదేహాన్ని తీశారు. 2025 ఆగస్టు 29న జిల్లా ప్రాసిక్యూటర్ మార్క్ డేవిడ్‌సన్ ఫలితాలు బయటపెట్టాడు. పాలీన్ తలకు తగిలిన గాయాలు, కారు లోపలి ఫొటోలు ఒకదానికొకటి పొసగడం లేదు. కారు బయట, ముందు బానెట్ మీద పడిన రక్తపు చుక్కలు పుసర్ చెప్పిన కథకు విరుద్ధంగా ఉన్నాయి. ఆమెను కారు బయట కాల్చి, తర్వాత లోపల పెట్టి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. పుసర్ చెంప మీది గాయం దూరం నుంచి తగిలింది కాదు, తుపాకీని దాదాపు ఆనించి కాల్చింది, బహుశా తనే కాల్చుకున్నది. ఆమె ముక్కు ఎముకకు చావుకు ముందే విరిగి మానిన గుర్తు కూడా ఉంది. అతను బతికి ఉంటే హత్యానేరం మోపమని గ్రాండ్ జ్యూరీ (నేరం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందు పెట్టడానికి సరిపడా ఆధారాలున్నాయని డేవిడ్‌సన్ అన్నాడు.

ఇది ఎంతవరకో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది కోర్టు తీర్పు కాదు. చచ్చిపోయిన మనిషి మీద విచారణ నడపలేరు, అతని తరఫు లాయరు ఆ నిపుణులను అడ్డుప్రశ్నలు వేయలేడు. గ్రాండ్ జ్యూరీ ముందు పెట్టగలగడం వేరు, అందరూ ఏకమై దోషి అని తేల్చడం వేరు. ఈ ఫలితాలను ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు రక్తపు చుక్కల కంటే ఆ మానిన ముక్కు ఎముక ఎక్కువ బరువైన సాక్ష్యంలా తోస్తుంది. అది నేరాన్ని రుజువు చేయదు, నిజమే. కానీ షెరీఫ్ ఇంట్లో భార్యకు దెబ్బ తగిలితే ఆమె ఎవరికి ఫోన్ చేయాలి? ఎటు చేసినా మోగేది అతని ఆఫీసులోనే.

మెక్‌మిన్‌లో ఫీజులు, నెషోబాలో జైలు తాళం, మెక్‌నెయిరీలో వాంగ్మూలం. మూడు చోట్లా మనుషులు వేరు, పదవి అదే. ఒక్క మెక్‌నెయిరీలోనే ఆ మనిషి సినిమా హీరో అయ్యాడు.

కేసు ఫైలు వెయ్యి పేజీలు దాటింది. 1967లో ఆమె చనిపోయినప్పుడు చేయాల్సిన పోస్టుమార్టం రిపోర్టు ఇప్పుడు అందులో చేరింది. పుసర్‌ది మాత్రం ఎక్కడా లేదు. 1974లో కారు కాలిపోయాక అతనికీ పోస్టుమార్టం చేయలేదు.